హోల్డాన్ బాబాయ్

ఆయన బతికున్నప్పుడు ఓడిపోయిన ఆట ఒకటుంది. నిజానికి ఆ ఆట ఆయనే గెలిచాడని మొన్న ఆదివారం తేలింది. ఏం లాభం? చెబుదామంటే మనిషి లేడు. పోయిన వానాకాలంలో ఒక మధ్యాహ్నం భోజనం చేసి నడుం వాల్చిన మనిషి మళ్ళీ లేవలేదు. ఎవరి చేతా ఒక్క పూట సేవ చేయించుకోలేదు. బతికినంతకాలం ప్రతి పనికీ ఒక టైము పెట్టుకున్నవాడు, ఈ ఒక్క పని మాత్రం ఎవరికీ చెప్పకుండా చేసేశాడు.

పేరు రాయను. పేరు అచ్చులో పడటమంటే ఆయనకి గిట్టదు. సిటీ బస్సుల్లో కండక్టరుగా చేరి బస్టాండు కంట్రోలరుగా రిటైరయ్యాడు. "పేపర్లో పేరు పడిందంటే ఎనకాల మెమో వత్తాది బాబూ" అనేవాడు. రిటైరై గడ్డం నెరిసినా ఆ భయం పోలేదు. మేం బాబాయ్ అని పిలిచేవాళ్ళం. మా గాజువాక వీధిలో కొందరు హోల్డాన్ బాబాయ్ అనేవాళ్ళు, ఎదురుగా అనే ధైర్యం లేక వెనకాల. ఆ సంగతి ఆయనకి తెలుసు. ఆయనకి తెలుసని మాకూ తెలుసు.

ముందు మా ఆట సంగతి చెప్పాలి. లేకపోతే నలభై దాటిన ఇద్దరు మగాళ్ళు ఆదివారం పూట బొమ్మలాట ఏమిటని మీరూ మా ఆవిడలాగే మొహం పెడతారు. అది యుద్ధం ఆట. ఎప్పుడో రాబోయే కాలంలో, ఎక్కడో ఇంకో గ్రహం మీద జరిగే యుద్ధం. చిటికెన వేలి గోరంత సైనికులు, అగ్గిపెట్టెంత ట్యాంకులు, అరచేతిలో పట్టే విమానాలు. పెద్ద బల్ల మీద థర్మాకోల్ కొండలు పేర్చి, టేపుతో దూరం కొలిచి బొమ్మలు జరుపుతాం. తుపాకీ గుండు తగిలిందో లేదో పాచికలు వేసి తేల్చుకుంటాం. ఆ గ్రహం నేల ఎర్రగా ఉండాలని ఆట రూళ్ళ పుస్తకంలో ఉంది. అందుకు మేం కష్టపడక్కర్లేదు. మా వైపు ఏ మేడ మీదైనా గాలికి పేరుకునే ఎర్రదుమ్ము చీపురుతో పోగేసి బల్ల మీద చల్లుకుంటే చాలు, గ్రహం తయారు.

నేను ఇక్కడే ఒక ఫ్యాక్టరీ స్టోర్సులో పనిచేస్తాను. నాతో ఆడే అప్పలరాజు ఫిషింగ్ హార్బరులో బోటు ఇంజన్లు బాగుచేస్తాడు. వాళ్ళ నాన్న, అన్నలు ఇప్పటికీ వేటకి వెళ్తారు. వీడికి సముద్రమంటే కడుపులో తిప్పు, అందుకని ఒడ్డున ఉండిపోయాడు. చుట్టరికం ఏమీ లేదు గానీ నన్ను బావా అంటాడు. తన ట్యాంకులన్నిటికీ పడవలకి వేసే నీలం రంగు పట్టించాడు. ఆ రంగు పొరకి తుపాకీలు, తలుపులు అన్నీ పూడుకుపోయి అవి సబ్బుబిళ్ళల్లా ఉంటాయి. అంటే ఒప్పుకోడు.

మా ఇంట్లో ఈ బొమ్మలకి చోటు లేదు. అప్పలరాజు ఇంట్లో మనుషులకే చోటు లేదు. వెనక వీధిలో ఒక మేడ మీద రేకుల షెడ్డు ఖాళీగా ఉందంటే, ఆదివారాలు వాడుకుంటామని ఇంటావిడని అడిగాం. "గోల సెయ్యకుండా ఆడుకుంటే ఆడుకోండి" అంది. అలా పిన్ని మాకు పిన్ని అయింది. ఆవిడ భర్త ఇంట్లోనే ఉంటాడని, గోల ఆయన చెవిన పడుతుందని మాకప్పటికి తెలియదు.

గోల మొదలవడానికి ఎన్నో ఆదివారాలు పట్టలేదు. నా విమానం బల్ల ఈ చివర బయల్దేరి ఆ చివరికి వెళ్ళింది. దారిలో అప్పలరాజు గన్ను మీంచి పోయింది. విమానాలని కూల్చడానికే ఉండే గన్ను అది. గగనతల రక్షణ అని పుస్తకాల వాళ్ళు అంటారేమో, పైకి పేలుతుంది కాబట్టి మేం పై గన్ను అంటాం.

"నా గన్ను మీంచి ఎల్లినావు బావా. కొడతాను" అన్నాడు అప్పలరాజు పాచిక తీసి.

"ఎలా కొడతావురా? నా విమానం ఇక్కడుంది. నీ గన్ను ఇక్కడికి అందదు. టేపు పెట్టి చూసుకో."

"ఇప్పుడక్కడున్నాది. ఎల్లేటప్పుడు నా నెత్తి మీంచే ఎల్లింది కదా!"

పుస్తకం తీశాం. 'గన్ను అందే దూరంలో ఉన్న విమానాన్ని కొట్టవచ్చు' అని ఉంది. ఉన్న అంటే ఎప్పుడు ఉన్న? వెళ్తున్నప్పుడా, వెళ్ళి ఆగాకా? రాసిన మహానుభావుడు అక్కడితో ఊరుకున్నాడు. ఆగాకే అని నేను. వెళ్తున్నప్పుడే అని వాడు. నువ్వెప్పుడూ ఇంతే అంటే నువ్వే ఎప్పుడూ ఇంతే అనుకున్నాం. నాకు కోపం వస్తే నోరు ఆగదు, సబ్బుబిళ్ళల మాట కూడా అనేశాను. వాడు మాట్లాడకుండా తన ట్యాంకులు సంచిలో వేసుకోవడం మొదలెట్టాడు. వాడు అరిస్తే భయం లేదు. మాట్లాడకుండా సర్దుకుంటే మాత్రం ఇక తిరిగి రాడు.

అప్పుడు వచ్చాడు బాబాయ్ మెట్లెక్కి. లుంగీ, బనీను, చెవి మీద పెన్ను. గుమ్మంలో నిలబడి ఒక చేత్తో పైనున్న ఇనప రాడ్డు పట్టుకున్నాడు. మోకాళ్ళు కాస్త వంచి, పాదాలు ఎడంగా పెట్టి. ఆ నిలబడటం నాకు తర్వాత బాగా అలవాటైంది. జీవితమంతా కదిలే బస్సులో నిలబడ్డ కాళ్ళు, మేడ కదలదంటే నమ్మేవి కావు.

"ఏటా గోల? ఏటి తగువు?" అన్నాడు.

ఇద్దరం ఒకేసారి చెప్పాం. ఆయన చెయ్యి ఎత్తాడు. "ఒక్కొక్కలు. ముందు డ్రైవరు సెప్పాల. ఇమానం ఎవులిది?"

"నాది."

"అయితే నువ్వు డ్రైవరువి. నీ బండి ఈడి గన్ను కాడ ఆగిందా?"

"లేదు."

"ఎక్స్‌ప్రెస్సు బస్సు కూర్మన్నపాలెంలో ఆగదు. అవునా? ఆగనంత మాత్రాన స్టాపులో నిలబడ్డోడికి కనబడదేటి? మీద దుమ్ము కొట్టి మరీ ఎల్తాది. ఆడికి కనబడినట్టే. కొట్టొచ్చు."

అప్పలరాజు మొహం వెలిగింది. పాచిక తీశాడు.

"ఆగెహె" అన్నాడు బాబాయ్. "సెయ్యి ఎప్పుడెత్తాల? బస్సు ఎదరకొచ్చినప్పుడు ఎత్తాల. హోల్డాన్ అనాల. పాత గాజువాక దాటీసినాక హోల్డాన్ అని అరిత్తే ఎవులాపుతారు? నువ్వు ఈడి బండి నీ మీంచి ఎల్తన్నప్పుడు అన్నావేటి?"

"అప్పుడనలేదు. ఎల్లినాక సూసినాను."

"మరి బస్సెల్పోనాది. రైట్ రైట్." చేత్తో నా విమానానికి దారి ఇచ్చాడు.

రూలు వాడికి, విమానం నాకు. ఇద్దరం గెలిచాం, ఇద్దరం ఓడాం, అరవడానికి ఎవరికీ ఏమీ మిగల్లేదు. అప్పలరాజు సంచిలోంచి ట్యాంకులు మళ్ళీ బయటికి తీశాడు. అప్పటి నుంచీ మా బల్ల మీద అదే చట్టం. విమానం నీ గన్ను అందే దూరంలో ఉండగా హోల్డాన్ అని అరవాలి. అరిస్తే విమానం అక్కడే ఆగాలి, నువ్వు పాచిక వేసుకోవాలి. ఆరు పడితే కూలినట్టు. పడకపోతే రైట్ రైట్ అని పంపించాలి. అరవడం మరిచిపోతే నీ ఖర్మ.

ఇక ఆయన్ని కిందికి పంపడం ఎవరి తరం కాలేదు. తర్వాతి ఆదివారం మాకంటే ముందే షెడ్డులో ఉన్నాడు, పుస్తకం ముందేసుకుని. ప్రతి కాగితం తిప్పే ముందు బొటనవేలు నాలిక్కి అద్దుకునేవాడు, టిక్కెట్టు చింపుతున్నట్టే. పాచిక వేసే ముందు కూడా అంతే. "బాబాయ్, పాచికకి ఉమ్మెందుకు?" అంటే, "అలవాటయ్యా, జారిపోతాది" అనేవాడు. ఆయన వేసిన పాచిక మేం చొక్కాకి తుడుచుకుని వేసుకునేవాళ్ళం.

ఆయనకి సైనికులు వద్దు, ట్యాంకులు వద్దు, అన్నీ విమానాలే. వాటికి ఎరుపు, తెలుపు రంగులు వేసి, ముందు అద్దం మీద సన్నటి బ్రష్షుతో బోర్డులు రాశాడు. ఒకటి భీమిలి, ఒకటి సింహాచలం, ఒకటి తగరపువలస. నక్షత్రాల మధ్య తిరగాల్సిన బాంబర్ల మీద తగరపువలస ఏమిటి బాబాయ్ అని నవ్వితే, "ఎక్కడికెల్తాదో రాయకపోతే జనం ఎలా ఎక్కుతారు?" అన్నాడు. లోపలికి తొంగి చూస్తే ముందు సీట్ల మీద స్త్రీలకు మాత్రమే అని కూడా రాసి ఉంది. ఆ అక్షరాలు చదవాలంటే అప్పలరాజు ఇంజన్ల పనికి వాడే భూతద్దం పెట్టుకోవాలి.

ఆట మొదలవగానే స్టాండులో మైకు గొంతు తెచ్చుకుని, "కూర్మన్నపాలెం, పాత గాజువాక, మద్దిలపాలెం మీదుగా తగరపువలస పోవు విమానం బయలుదేరుటకు సిద్ధముగా ఉన్నది" అని ప్రకటించేవాడు. ఆ మాట మాట్లాడేటప్పుడు ఆయన యాస ఎక్కడికి పోయేదో! ప్రకటించాక విమానం సరిగ్గా ఆ దారిలోనే వెళ్ళేది. థర్మాకోల్ కొండ కూర్మన్నపాలెం, విరిగిన టవరు పాత గాజువాక, అలా బల్లంతా ఆయనకి హైవే. యుద్ధంలో మన దారి శత్రువుకి మైకులో చెబుతారా? చెబితే శత్రువు ఊరుకుంటాడా? ఆ దారి కిందే పై గన్నులు పెట్టేవాళ్ళం.

"బాబాయ్, రూటు మార్సండి. సూత్తన్నారు కదా, కింద గన్నున్నాది" అని అప్పలరాజే జాలిపడి చెప్పేవాడు.

"పర్మిట్టు లేకుండా రూటెలా మారుత్తానురా? ఒకపాలి బోర్డెట్టినాక అటే ఎల్లాల."

అందుకే ఆయన ఎన్నడూ గెలవలేదు. ఒక్కసారి కూడా. ఓడిపోయిన ప్రతిసారీ మెట్లు దిగి వెళ్తుంటే కింద పిన్ని అడిగేది: "ఈయేలైనా గెలిసినారా?"

"ఆట బాగా నడిసింది" అనేవాడు. గెలిచానని గానీ ఓడానని గానీ చెప్పగా మేం వినలేదు.

గెలుపు మీద ఆశ లేదనుకునేరు. చాలా ఉంది. "నాను గెలిసిన నాడు మాడుగుల హల్వా తెప్పిత్తాను, మీరు తిన్నంత" అని ఎన్నోసార్లు మొక్కుకున్నట్టు అన్నాడు. ఆ హల్వా కోసం నేనూ అప్పలరాజూ అలా నోరు తెరుచుకునే ఉండిపోయాం.

సాయంత్రం అయ్యేసరికి ఆట ఎక్కడున్నా వదిలేసి షెడ్డు బయటికి వెళ్ళేవాడు. మా మేడ మీదుగా ఒక విమానం, నిజం విమానం, కిందికి దిగుతూ ఎయిర్‌పోర్టు వైపు వెళ్తుంది. అది కొబ్బరిచెట్టు మీద కనపడగానే చూపుడు వేలు ఎత్తి దాని వెంటే తిప్పేవాడు. సరిగ్గా పక్కింటి నీళ్ళ ట్యాంకు మీదికి రాగానే "హోల్డాన్!" అని ఒక్క అరుపు. వీధి చివరిదాకా వినపడేది. అది ఆగదు కదా. కాస్త చూసి, చెయ్యి ఊపి, "రైట్ రైట్" అనేవాడు. అప్పుడు గానీ లోపలికి వచ్చేవాడు కాదు.

"మీరు రైట్ అనకపోతే అది దిగదా బాబాయ్?" అని ఏడిపించేవాణ్ణి.

"దిగుతాది. దిగినా పద్దతంటూ ఒకటుండాల కదా."

ఆ హోల్డాన్ విన్నాకే కింద పిన్ని టీ పొయ్యి మీద పెట్టేది. ఆయన రైట్ అని, లోపలికి వచ్చి, ఒక విమానం జరిపేసరికి టీ వచ్చేసేది.

ఇక ఆ ఆట. ఆయన పోయే ముందటి దసరా సెలవుల్లో. ఆయనకీ అప్పలరాజుకీ. ఏదైనా ఒక్క విమానం బల్ల అవతలి అంచు చేరితే బాబాయ్ గెలిచినట్టు, అన్నీ కూలితే అప్పలరాజు గెలిచినట్టు. భీమిలి కూలింది. సింహాచలం కూలింది. మిగతావి ముందే పోయాయి. తగరపువలస ఒక్కటే మిగిలింది. ఆ రోజు బాబాయ్‌కి మంచి అదృష్టం పట్టి అప్పలరాజు గన్నులు కూడా ఒక్కొక్కటే పేలిపోయాయి. దారి మొత్తం మీద ఒకే ఒక్క గన్ను ఉంది, మద్దిలపాలెం దగ్గర. అవతలి అంచు చేరడానికి ఒక్క జరుపు చాలు. ఆయన చెవి మీది పెన్ను తీసి జేబులో పెట్టుకున్నాడు. అంత కంగారు ఆయనలో ఎప్పుడూ చూడలేదు.

టేపు పరిచాడు. బొటనవేలు తడుపుకున్నాడు. విమానం రెండు వేళ్ళతో పట్టుకుని టేపు వెంట మెల్లగా జరిపాడు.

"కూర్మన్నపాలెం... పాత గాజువాక... ఎన్‌ఏడీ..."

నేను అప్పలరాజుని చూశాను. వాడు ఫోను తీసి దాంట్లో ఏదో తెగ వెతుకుతున్నాడు. ఫోను నల్లగా ఉంది, వెలగలేదు కూడా. దొంగ వెధవ, కావాలనే! నాకు నవ్వొచ్చింది. నేనూ నోరు మూసుకుని రేకుల వైపు చూస్తూ కూర్చున్నాను. హల్వా వచ్చేస్తోందనే అనుకున్నాను.

"మద్దిలపాలెం" అన్నాడు బాబాయ్. చెయ్యి ఆగింది.

అప్పలరాజు ఫోను మొహానికి ఇంకా దగ్గరగా పెట్టుకున్నాడు.

"మద్దిలపాలెం" అన్నాడు మళ్ళీ, గట్టిగా.

"ఏటి బాబాయ్, ఎల్లండి. రైట్ రైట్" అన్నాడు అప్పలరాజు ఫోనులోంచి తల ఎత్తకుండా.

బాబాయ్ వాడినే చూస్తూ నిలబడ్డాడు. మోకాళ్ళు వంగి ఉన్నాయి. "దిగాల్సినోడు సీట్లో నిద్దరోయినాడనుకో. లేపాల్సిందెవులు?"

అప్పలరాజు ఫోను బల్ల మీద బోర్లించాడు.

"కండక్టరు లేపాల" అని ఆయనే జవాబు చెప్పుకుని, తన విమానం మీద తనే అరిచాడు. "హోల్డాన్!"

ఇదెక్కడి రూలు? పుస్తకంలో లేదు, ఆయన పెట్టిన చట్టంలోనూ లేదు. అదే అన్నాను, ఒళ్ళు మండి గట్టిగానే అన్నాను. "అరవాల్సింది గన్ను వాడు బాబాయ్. వాడు అరవలేదు. బస్సు వెళ్ళిపోయినట్టే. మీ రూలే!"

"బస్సు ఎల్లలేదు. స్టాపులోనే ఉన్నాది. నా సేతిలోనే ఉన్నాది" అన్నాడు. "ఏరా, పాచికెయ్యి."

"నానెయ్యను" అన్నాడు అప్పలరాజు.

"ఎయ్యాల."

"నాకక్కర్లేదు బాబాయ్, పోనియ్యండి."

"ఎయ్యి" అన్నాడు, ఈసారి కంట్రోలరు గొంతుతో. ఎంతమంది డ్రైవర్లు ఆ గొంతుకి భయపడి ఉంటారో గానీ, వాడు పాచిక తీసుకుని కళ్ళు మూసుకుని బల్ల మీద పడేశాడు.

ఆరు.

"ఓలమ్మ!" అని తల పట్టుకున్నాడు అప్పలరాజు. గెలిచినవాడు అలా ఏడుపు మొహం పెట్టడం నేను ఇంకెక్కడా చూడలేదు. బాబాయ్ మాత్రం తగరపువలస విమానాన్ని ఎర్రదుమ్ములో మెల్లగా పక్కకి వాల్చి పడుకోబెట్టాడు. రెక్క విరగకుండా కింద వేలు పెట్టి మరీ. తర్వాత నవ్వాడు. బిగపట్టుకుని కాదు, పొట్ట కదిలేలా.

మెట్ల దగ్గర నేను వదల్లేదు. "మీకు గెలవాలని ఉండదా బాబాయ్?" అన్నాను.

రాడ్డు పట్టుకున్నట్టే రెయిలింగు పట్టుకుని ఆగాడు. "ఎందుకుండదు? ఇన్నాళ్ళూ అందుకే కదా ఆడింది. కానీ ఆడు నా మీద పేమతో కల్లు మూసుకున్నాడు. అది నాను తీసుకుంటే, రేపు నీ ఇమానం ఎల్లేటప్పుడు ఆడికి నోరెలా లెగుత్తాది? బాబాయ్‌ని వదిలినాను, బావని పట్టుకుంటానేటి అనుకుంటాడు. అక్కడితో రూలు పోతాది. రూలు పోతే మీ ఇద్దరూ మళ్ళీ సంచులు సర్దుకుంటారు." అని దిగిపోయాడు.

కింద పిన్ని అడగడం వినిపించింది. "ఆట బాగా నడిసింది" అన్న జవాబూ వినిపించింది.

మొన్న ఆదివారం మేమిద్దరమే ఉన్నాం షెడ్డులో. ఆయన కుర్చీ ఆయన కుర్చీ లాగే ఉంది, దాని మీద బొమ్మల డబ్బాలు కూడా పెట్టం. అప్పలరాజు ఫోను మోగింది. ఆట తయారుచేసినవాళ్ళు ఇన్నేళ్ళకి మేలుకుని రూళ్ళకి వివరణలు పంపారు. అందులో పై గన్ను సంగతి కూడా ఉంది. విమానం ఆగిన చోటు గన్నుకి అందితేనే కొట్టాలట. మీంచి ఎగిరిపోతున్నదాన్ని కొట్టకూడదట.

వాడు ఇంకోసారి చదివి ఎగిరి గంతేశాడు. "బావా! బాబాయ్ గెలిసినాడు! తగరపువలస ఆగాల్సింది అవతలి అంచున కదా, నా గన్ను మీంచి ఊరికే ఎల్తన్నాది. నాను కొట్టకూడదు. ఆ ఆరు సెల్లదు! పద, పిన్నికి సెప్దాం."

నాకూ ఒక్క క్షణం సంతోషమేసింది. వెంటనే చల్లారింది. "ఆగరా. ఆయన గెలిచాడంటే ఆయన రూలు తప్పని కదా? అప్పుడిక ఈ బల్ల మీద హోల్డాన్ ఉండదు."

"ఉంటాది. ఉంచుకుందాం."

"ఉంచుకుంటే ఆయన ఓడిపోయినట్టే. గెలుపైనా ఇవ్వాలి, మాటైనా ఉంచాలి. రెండూ కుదరవు."

"ఒక్కపాలి గెలవాలనుకున్నాడు బావా ఆ మనిషి! ఒక్కపాలి! అదీ ఇవ్వవేటి?"

"ఆయన మాట తీసేసి ఆయనకి గెలుపిస్తావా?"

అరుచుకున్నాం. మొదటి రోజు ఎలా అరుచుకున్నామో అలాగే, అదే గన్ను కోసం. అరుస్తూ అరుస్తూ ఇద్దరం ఒకేసారి మెట్ల వైపు చూశాం. ఎవరూ ఎక్కి రాలేదు.  చివరికి అప్పలరాజే, "పిన్నిని అడుగుదాం పద" అన్నాడు.

పిన్ని వెనక అరుగు మీద కూర్చుని, అప్పలరాజు హార్బరు నుంచి తెచ్చిన నెత్తళ్ళ చేపలు బాగుచేస్తోంది. చెప్పిందంతా వింది. చేతులు ఆగలేదు.

"కొత్త రూలు ఎప్పుడొచ్చింది?"

"ఈయేలే పిన్నీ" అన్నాడు అప్పలరాజు.

"ఆట ఎప్పుడాడినారు?"

"అది ఎప్పుడో."

"టైంటేబులు ఈయేల మారిత్తే, అప్పుడెప్పుడో ఎల్లిన బస్సుని ఎనక్కి పిలుత్తారేటర్రా?"

అచ్చం ఆయనే మాట్లాడినట్టు ఉంది. మేం ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నాం.

"మీ బాబాయ్ ఓడిపోనారు" అంది పిన్ని. "ఓడినానని మీతో అననేదు గానీ నాతో అన్నారు ఆ రాత్తిరి. 'ఆ గుంటడు నాను గెలవాలనీసి కల్లు మూసుకున్నాడే' అన్నారు. అన్నం తింటా కూడా అదే. 'ఇద్దరూ మూసుకున్నారే' అని ఒకటే నవ్వు. ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నారు. గెలిత్తే అంత తిందురో లేదో."

అప్పలరాజు ముంజేత్తో మొహం తుడుచుకున్నాడు. నేను నెత్తళ్ళ వైపు చూస్తూ ఉండిపోయాను. ఆయన మా దొంగతనం చూశాడన్నమాట, నాది కూడా.

"అయితే హోల్డాన్ ఉన్నట్టేనా పిన్నీ?" అన్నాను.

"ఉన్నట్టే. హల్వా లేనట్టే" అంది. ముగ్గురం నవ్వాం. నవ్వు ఆగాక ఆవిడ చేతులు కడుక్కుంటూ, మామూలుగా, కూరలో ఉప్పు సంగతి చెప్పినట్టు అంది: "మీ బాబాయ్ పోయిన కాడినుంచి టీ ఎప్పుడెట్టాలో నాకు తెల్టం లేదర్రా. ఓపాలి ముందే ఎట్టీసి సల్లారిపోతన్నాది. ఓపాలి మరిసేపోతన్నాను. ఇమానం మోత ఇనపడుద్ది గానీ, అది ఎక్కడిదాకా వచ్చిందో నాకేటి తెలుసు?"

అంతలోనే దూరంగా మోత వినిపించింది.

ఇద్దరం మెట్ల మీద పరిగెత్తాం. షెడ్డు దాటి పిట్టగోడ దగ్గరికి వెళ్ళేసరికి విమానం కొబ్బరిచెట్టు దాటుతోంది. అప్పలరాజు చూపుడు వేలు ఎత్తాడు. నేనూ ఎత్తాను. వేళ్ళు దాని వెంటే తిప్పుకుంటూ వచ్చి, పక్కింటి నీళ్ళ ట్యాంకు మీదికి రాగానే, వీధంతా వినపడేలా అరిచాం.

"హోల్డాన్!"

కింద వంటింట్లో లైటరు టిక్కుమంది. గిన్నె పెట్టిన చప్పుడు అయింది.

తర్వాతి మాట అనాలి. నాకు నోరు రాలేదు. అప్పలరాజుని చూస్తే వాడికీ రాలేదు. విమానం దాని దారిన అది పోతోంది. మేమిద్దరం వేళ్ళు ఎత్తి పట్టుకుని అలాగే నిలబడ్డాం.

"రైట్ అనండర్రా" అని కిందినుంచి పిన్ని కేకేసింది. "ఎంతసేపు ఆపుతారు? అందులో జనం ఉంటారు, ఇల్లకెల్లాల కదా."

"రైట్ రైట్" అన్నాం ఇద్దరం, గట్టిగా, కిందికి వినపడేలా.